టీబీ క్రిమిపై పనిచేసే మొక్కల పదార్థాలు: పరీక్షశాలలో గెలిచినవి ఒంట్లో ఎందుకు ఓడిపోతున్నాయి

అడ్డసరం ఆకులో టీబీని చంపే పదార్థం దొరికిందనో, మందులకు లొంగని క్షయ కూడా పసుపుకు లొంగుతుందనో వార్తలు తరచూ వస్తుంటాయి. చాలావాటి వెనుక నిజంగానే ఒక పరిశోధన పత్రం ఉంటుంది. అందులో రాసింది అబద్ధం కాదు. వాట్సాప్‌లో తిరిగే సరికి మాత్రం "క్రిమి పెరుగుదల ఆగింది" అన్న మాట "జబ్బు నయమవుతుంది"గా మారిపోతుంది. ఈ రెండింటి మధ్య ఎన్ని మెట్లున్నాయో, ఒక్కో మెట్టు దగ్గర ఏం జరుగుతుందో తెలిస్తే అలాంటి వార్తను ఎలా చదవాలో తేలికగా అర్థమవుతుంది.

ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ఈ జబ్బుతో చనిపోయినవారు 12.5 లక్షల మంది. ఆరు నెలల పాటు రోజూ టాబ్లెట్లు మింగాలి. కడుపులో తిప్పుతుంది, కొందరికి కాలేయం దెబ్బతింటుంది. అందుకే "పెరట్లో మొక్కతో పోతుంది" అన్న మాట జనానికి అంతగా నచ్చుతుంది. ఆ ఆశను చిన్నచూపు చూడకుండా, దాని వెనుక ఉన్న విజ్ఞానాన్ని వరుసగా చూద్దాం.

ఈ క్రిమి ఎందుకంత మొండిది

టీబీకి కారణమైన బ్యాక్టీరియాను రాబర్ట్ కోక్ 1882లో గుర్తించాడు. మైకోబ్యాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్ అని దాని పేరు. మామూలు బ్యాక్టీరియాతో పోలిస్తే దీనికి మూడు ప్రత్యేకతలున్నాయి.

మొదటిది పైపొర. మైకోలిక్ ఆమ్లాలనే పొడవాటి కొవ్వు పదార్థాలతో ఈ పొర మైనంలా దట్టంగా ఉంటుంది. చాలా మందులు దీన్ని దాటి లోపలికి వెళ్లలేవు. వెళ్లినవాటిని బయటికి నెట్టేయడానికి క్రిమి పొరలో పంపుల్లాంటి ప్రొటీన్లున్నాయి. చిల్లుపడిన పడవలోంచి నీళ్లు తోడిపోసినట్టు, లోపలికి చేరిన మందును అవి ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంటాయి.

రెండోది నిదానం. పేగుల్లో ఉండే ఇ.కోలై అనుకూలమైన పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. టీబీ క్రిమికి అందుకు 18 నుంచి 24 గంటలు పడుతుంది. చాలా మందులు పెరిగే క్రిమి మీదే బాగా పనిచేస్తాయి కాబట్టి, నిదానంగా పెరిగేదాన్నీ, నిద్రపోతున్నదాన్నీ చంపడానికి నెలలు కావాలి.

మూడోది దాక్కునే చోటు. మన రోగనిరోధక కణాలు దాన్ని మింగుతాయి కానీ, వాటి లోపలే అది బతికేస్తుంది. చుట్టూ గడ్డ కట్టిన కణజాలంలో రక్తప్రసరణ సరిగా ఉండదు. మందు అక్కడిదాకా చేరాలి.

మొక్కలోంచి తీసినదైనా, ఫ్యాక్టరీలో తయారైనదైనా ఏ పదార్థమూ ఈ మూడింటినీ దాటకుండా మందు కాలేదు.

పరిశోధన పత్రంలో "పనిచేసింది" అంటే ఏమిటి

మొక్కను ఎండబెట్టి, పొడిచేసి, ఆల్కహాల్ లాంటి ద్రావకంలో నానబెట్టి సారం తీస్తారు. చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో క్రిములను పెంచుతూ, ఒక్కో గుంటలో ఒక్కో గాఢతలో సారాన్ని కలుపుతారు. కొన్ని రోజులయ్యాక నీలం రంగు సూచిక వేస్తారు. క్రిములు బతికి ఉంటే అది గులాబీ రంగుకు తిరుగుతుంది, లేకపోతే నీలంగానే ఉంటుంది. క్రిమి పెరుగుదలను ఆపిన అతి తక్కువ గాఢతను ఎంఐసీ అంటారు. ఈ అంకె ఎంత చిన్నదైతే పదార్థం అంత శక్తిమంతమైనది.

ఐసోనియజిడ్ అనే మామూలు టీబీ టాబ్లెట్ ఎంఐసీ మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము కంటే తక్కువ. మొక్కల సారాల్లో చాలావాటికి ఇది వందల్లో ఉంటుంది. అమెరికాలో ప్రభుత్వ నిధులతో నడిచిన ఒక టీబీ మందుల అన్వేషణ కార్యక్రమం 6.25 మైక్రోగ్రాములను తొలి గీతగా పెట్టుకుంది. ఆ గాఢతలో క్రిమిని ఆపగలిగినవాటినే తర్వాతి దశకు పంపేవారు.

రెండో ప్రశ్న, ఆ గాఢతలో మన కణాలు బతుకుతాయా అన్నది. క్రిమిని ఆపడానికి 5 మైక్రోగ్రాములు సరిపోయి, మనిషి కణాలను చంపడానికి 100 కావాలంటే నిష్పత్తి ఇరవై. ఇది కనీసం పది ఉంటే బాగుందనుకుంటారు. చిత్రమూలం వేరులోని ప్లంబాజిన్ ఇక్కడే చిక్కుకుపోయింది. అది క్రిమికి విషమే, మన కణాలకూ విషమే. బ్లీచింగ్ పౌడరు కూడా పళ్లెంలో టీబీ క్రిమిని చంపుతుంది. చంపడం ఒక్కటే గొప్ప కాదు.

ఏ క్రిమి మీద పరీక్షించారన్నదీ చూడాలి. టీబీ క్రిమితో పనిచేయాలంటే కట్టుదిట్టమైన ల్యాబ్ కావాలి. అది లేనిచోట స్మెగ్మాటిస్ అనే దాని బంధువును వాడతారు. అది త్వరగా పెరుగుతుంది, సాధారణంగా జబ్బు కలిగించదు. కానీ అన్ని మందులకూ అది టీబీ క్రిమిలా స్పందించదు. వార్తలో ఈ తేడా ఎప్పుడూ కనిపించదు.

పసుపుతో ఒక లెక్క

పసుపులోని కుర్కుమిన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. టీబీ క్రిమి మీద దాని ఎంఐసీ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల దరిదాపుల్లో నమోదైంది. మరి మనం మింగితే రక్తంలోకి ఎంత చేరుతుంది?

బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో ఇది కొలిచారు. ఆరోగ్యవంతులకు 2 గ్రాముల శుద్ధ కుర్కుమిన్ ఇస్తే రక్తంలో కనిపించింది మిల్లీలీటరుకు 0.006 మైక్రోగ్రాము. దానితో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం, ఇస్తే అది 0.18కి పెరిగింది. "మిరియాలతో పసుపు శక్తి 2000 శాతం పెరుగుతుంది" అని అందరూ చెప్పే మాటకు మూలం ఈ అధ్యయనమే.

ఇప్పుడు 0.18ని 100 పక్కన పెట్టండి. మిరియాలు కలిపాక కూడా కావలసినదానిలో అయిదువందల వంతు కంటే తక్కువ. పైగా ఇది శుద్ధ కుర్కుమిన్ లెక్క. పసుపు పొడిలో కుర్కుమిన్ ఉండేది సాధారణంగా వందకు రెండు మూడు పాళ్లు.

ఐసోనియజిడ్‌కు ఇదే లెక్క వేస్తే, 300 మిల్లీగ్రాముల టాబ్లెట్ వేసుకున్న ఒకటి రెండు గంటల్లో రక్తంలో 3 నుంచి 5 మైక్రోగ్రాములు ఉంటుంది. కావలసినదానికి ముప్పై రెట్లకు పైమాటే.

అలాగని పసుపు పరిశోధన వృథా అనలేం. 2010లో థాయ్‌లాండ్ రసాయన శాస్త్రవేత్తలు కుర్కుమిన్ అణువులో చిన్న మార్పులు చేసి వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతమైన రూపాన్ని తయారుచేశారు. దాని ఎంఐసీ 0.09. అది మందుగా మారలేదు గానీ, ప్రకృతి ఇచ్చిన అణువును మందు అనకుండా, మందుకు ముడిసరుకుగా చూస్తే దాని విలువ తెలుస్తుంది.

అడ్డసరం ఆకు నుంచి దగ్గు మందు దాకా

మన ఊళ్లలో దగ్గుకూ ఆయాసానికీ అడ్డసరం కషాయం ఎన్నో తరాలుగా వాడుతున్నారు. ఆయుర్వేదంలో వాస అన్నది దీన్నే. ఇందులోని ముఖ్య పదార్థం వాసిసిన్. దాని నిర్మాణాన్ని ఆధారం చేసుకుని బ్రోమ్‌హెక్సిన్ అనే మందును, దాన్నుంచి ఆంబ్రాక్సాల్‌ను తయారుచేశారు. కఫాన్ని పలుచన చేయడానికి మెడికల్ షాపులో ఇచ్చే సిరప్‌లలో ఈ రెండూ ఉంటాయి.

1996లో బ్రిటన్ పరిశోధకులు ఈ రెండు మందులనూ టీబీ క్రిమి మీద పరీక్షించారు. క్రిమి పెరుగుదలను అవి ఆపాయి. అయితే క్రిములను పెంచిన ద్రవంలో ఆమ్లత ఎంతుందన్నదాన్ని బట్టి ఫలితం మారింది. ఇవి ఊపిరితిత్తుల్లో బాగా పోగవుతాయి కాబట్టి టీబీ మందులకు తోడుగా పనికిరావచ్చని వాళ్లు సూచించారు.

"అడ్డసరం టీబీని చంపుతుంది" అనే వార్తలకు ఆధారాలు ఇలాంటివే. కానీ పరీక్షించింది ఆకు కషాయాన్ని కాదు, ఆకులోని అణువును మార్చి చేసిన మందును. అదీ పళ్లెంలో. టీబీ రోగికి కఫం తేలికగా వచ్చి ఊపిరి ఆడితే "తగ్గింది" అనిపిస్తుంది. ఆ ఉపశమనం నిజమే, కానీ లోపల క్రిముల సంఖ్య అంతే ఉండవచ్చు. వాసిసిన్‌కు గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం కూడా ఉందని తెలుసు.

మందుల షాపు దాకా వచ్చిన మిరియం

మొక్క పదార్థం టీబీ చికిత్సలో ఒక అధికారిక మందుగా మారిన సందర్భం మన దేశంలోనే ఉంది. అది చంపే మందుగా రాలేదు, సాయం చేసే మందుగా వచ్చింది. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే.

శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపిన త్రికటు ఆయుర్వేద మందుల మిశ్రమాల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. పిప్పళ్లు కలిపితే అడ్డసరం ఆకు ఉబ్బసం మీద మెరుగ్గా పనిచేస్తుందని 1929లోనే బోస్ అనే రచయిత రాశారు. 1970ల చివర్లో జమ్మూలోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాలలో సి.కె. అటల్ బృందం దీని మీద దృష్టి పెట్టింది. త్రికటు ఇన్ని మందుల్లో ఎందుకు ఉంది అన్నది వాళ్ల ప్రశ్న. పైపరిన్ తోడైతే ఇతర మందులు రక్తంలోకి ఎక్కువగా చేరుతాయని తేలింది. పేగుల్లోనూ కాలేయంలోనూ మందును విడగొట్టే ఎంజైములను, బయటికి నెట్టే ప్రొటీన్లను పైపరిన్ నెమ్మదింపజేస్తుంది.

ఆ ప్రయోగశాలే ఇప్పటి భారతీయ సమీకృత వైద్య సంస్థ. కాడిలా ఫార్మాస్యూటికల్స్‌తో కలిసి అది తయారుచేసిన రిసోరిన్ అనే మందుకు 2009లో దేశంలో అనుమతి వచ్చింది. ఒక మాత్రలో టీబీ చికిత్సలో మరో ముఖ్య మందైన రిఫాంపిసిన్ 200 మిల్లీగ్రాములు, ఐసోనియజిడ్ 300, పైపరిన్ 10. మామూలుగా రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాములు ఇచ్చేచోట, పైపరిన్ తోడుతో 200 సరిపోతుందన్నది దీని వెనుక ఆలోచన. మోతాదు సగానికి పైగా తగ్గుతుంది.

2010లో జమ్మూ సంస్థే మరో సంగతి చూపింది. టీబీ క్రిమిలోని ఆర్‌వీ1258సీ అనే పంపును కూడా పైపరిన్ అడ్డుకుంటుంది. అంటే మందు మన ఒంట్లోకి చేరడానికీ, క్రిమి లోపల నిలవడానికీ రెండు చోట్లా సాయపడే అవకాశముంది. మొదటిది మనుషుల్లో చూసినది, రెండోది ప్రయోగశాలలో చూసినది. ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇంత జరిగినా రిసోరిన్ జాతీయ టీబీ కార్యక్రమం ఇచ్చే ప్రామాణిక మందుల్లో చేరలేదు. రిఫాంపిసిన్ మోతాదు తగ్గించడం కంటే పెంచితే చికిత్సాకాలం తగ్గుతుందా అన్న దిశలో ప్రపంచ పరిశోధన సాగడం కూడా దీనికి అనుకూలించలేదు. భోజనంలో మిరియాలు చల్లుకుంటే ఇదే ఫలితం వస్తుందనుకోవడానికీ వీల్లేదు. రిసోరిన్‌లో ప్రతి మాత్రలో పైపరిన్ మోతాదు కొలిచి పెట్టింది, దానికి తగ్గట్టు రిఫాంపిసిన్‌నూ సర్దారు.

ఇంకా రేసులో ఉన్నవి

దక్షిణాఫ్రికాలో దగ్గుకు వాడే యూక్లియా నటాలెన్సిస్ అనే మొక్క వేరులో 7-మిథైల్‌జుగ్లోన్ అనే పదార్థం దొరికింది. దాని ఎంఐసీ మిల్లీలీటరుకు అర మైక్రోగ్రాము, అంటే నిజమైన మందుల స్థాయికి దగ్గర. మన బీడీ ఆకు తునికి చెట్టు కూడా ఈ మొక్క కుటుంబానికి చెందినదే. అయితే ఇదీ ప్లంబాజిన్ జాతి రసాయనమే కాబట్టి కణాలకు విషం అన్న సమస్య దీన్నీ వదల్లేదు.

మలేరియా మందు ఆర్టెమిసినిన్ మాచిపత్రి జాతి మొక్క నుంచి వచ్చింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం బృందం అయిదు లక్షలకు పైగా పదార్థాలను జల్లెడ పట్టి, టీబీ క్రిమి నిద్రావస్థలోకి వెళ్లడానికి వాడుకునే సంకేత వ్యవస్థను ఆర్టెమిసినిన్ అడ్డుకుంటుందని 2016లో ప్రకటించింది. చికిత్స ఆరు నెలలు సాగడానికి నిద్రపోయే క్రిములే పెద్ద కారణం. అందుకే ఈ దారి ఆసక్తికరం. మనుషుల్లో ఫలితం తేలాల్సి ఉంది.

టీబీ మందులు చెట్ల నుంచి కాకుండా మట్టి నుంచి ఎందుకు వచ్చాయి

మలేరియాకు క్వినైన్, ఆర్టెమిసినిన్ మొక్కల నుంచే వచ్చాయి. టీబీకి ప్రకృతి నుంచి దొరికి చెల్లినవి మాత్రం మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి వచ్చాయి. 1943లో దొరికిన స్ట్రెప్టోమైసిన్ అలాంటిదే. ఫ్రాన్స్‌లో సేకరించిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి రిఫామైసిన్లు, వాటి నుంచి రిఫాంపిసిన్ వచ్చాయి. ఐసోనియజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ పూర్తిగా ప్రయోగశాలలో తయారైనవి. నేటి ప్రామాణిక చికిత్సలో మొక్క నుంచి నేరుగా వచ్చిన మందు ఒక్కటీ లేదు.

దీనికి ఒక వివరణ ఉంది. మట్టిలో సూక్ష్మజీవులు ఒకదానితో ఒకటి పోటీపడతాయి, ఆ క్రమంలో సాటి బ్యాక్టీరియాను చంపే రసాయనాలు వాటికి అలవడ్డాయి. మొక్కల ప్రధాన శత్రువులు పురుగులు, బూజులు, మేసే జంతువులు. బ్యాక్టీరియా మీద మొక్కల రసాయనాలు బలహీనంగా ఉండి, కలిసికట్టుగా పనిచేసే తీరు ఎక్కువ.

ఆ కలిసికట్టుతనమే సంప్రదాయ వైద్యుల వాదనకు బలం. ఒక అణువును విడదీసి చూస్తే మొక్క గుణం పోతుందంటారు వాళ్లు. దీనికి గట్టి సాక్ష్యమూ ఉంది. బెర్బెరిస్ జాతి మొక్కల్లోని బెర్బెరిన్ స్టాఫ్ అనే బ్యాక్టీరియా మీద బలహీనం, ఎందుకంటే దాన్ని బ్యాక్టీరియా బయటికి తోడేస్తుంది. ఆ పంపును మూసే మరో పదార్థాన్ని కూడా అదే మొక్క తయారుచేస్తుందని 2000లో అమెరికా పరిశోధకులు చూపారు. రెండూ ఉంటేనే పని జరుగుతుంది. ఒక్క అణువు కోసం వెతికేవాళ్లకు ఇది కనిపించకుండా పోయేది.

ఔషధ రసాయన శాస్త్రవేత్తల అభ్యంతరమూ అంతే గట్టిది. మొక్కలోని పదార్థాల పాళ్లు నేలను బట్టి, కాలాన్ని బట్టి, కోసిన వయసును బట్టి మారతాయి. ఆరు నెలల చికిత్సలో ఒక నెల సారం బలంగా, మరో నెల పలుచగా ఉంటే క్రిమి మందుకు అలవాటుపడడానికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. నాకు ఈ రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేసేవిగా కనిపించవు. రెండు పదార్థాలను గుర్తించి, కొలిచి, కలిపితే ఇద్దరి మాటా నెగ్గుతుంది. రిసోరిన్‌లో జరిగింది అదే.

"కషాయంతోనే నయమైంది" అనే కథల వెనుక

1897లో చార్లెస్ స్టీవెన్స్ అనే ఆంగ్లేయ యువకుడు క్షయతో దక్షిణాఫ్రికా వెళ్లాడు. అక్కడి నాటు వైద్యుడు ఇచ్చిన వేరు కషాయం తాగి కోలుకున్నాడు. ఇంగ్లండ్ తిరిగి వచ్చి దాన్ని క్షయ మందుగా అమ్మాడు. బ్రిటిష్ వైద్య సంఘం మోసం అంది. అతను దావా వేశాడు. మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, 1914లో ఓడిపోయాడు. తర్వాత జెనీవా వైద్యుడు సెషహాయ్ అదే మందును సుమారు 800 మంది రోగులకిచ్చి, మంచి ఫలితాలొచ్చాయని 1930లో ప్రకటించాడు. ఆ మొక్క పెలార్గోనియం. ఇటీవల ల్యాబ్‌లో చూస్తే టీబీ క్రిమి మీద దాని ప్రభావం చాలా తక్కువ. ఇప్పుడు జర్మనీలో దాన్ని బ్రాంకైటిస్‌కు, అంటే ఊపిరి గొట్టాల వాపుకు, అమ్ముతున్నారు.

స్టీవెన్స్ అబద్ధం చెప్పాడని అనుకోనక్కర్లేదు. మందులు లేని రోజుల నాటి రికార్డుల ప్రకారం, కఫంలో క్రిమి కనిపించే వంద మందికి ఏ చికిత్సా అందకపోతే పదేళ్లలో సుమారు డెబ్బై మంది చనిపోయేవారు. ముప్పై మంది బతికేవారు. వందమందీ ఒకే కషాయం తాగారనుకోండి, అది మంచినీళ్లే అయినా బతికిన ముప్పై మంది దాన్నే మెచ్చుకుంటారు. పోయిన డెబ్బై మంది సాక్ష్యం చెప్పడానికి రారు. విశ్రాంతి, మంచి తిండి దొరికితే బతికేవారి సంఖ్య ఇంకొంత పెరగవచ్చు, ఆ మేలు కూడా కషాయం ఖాతాలోకే పోతుంది.

అందుకే పోల్చి చూడడం కావాలి. 1948లో బ్రిటన్‌లో ప్రచురితమైన స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో 55 మందికి మందు ఇచ్చారు, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలల్లో మందు తీసుకున్నవారిలో నలుగురు, తీసుకోనివారిలో 14 మంది చనిపోయారు. అంత గొప్ప మందు కూడా ఒంటరిగా నిలబడలేదు. చాలామందిలో క్రిమి దానికి లొంగకుండా మారింది, కొన్నేళ్లకు రెండు గుంపుల మధ్య తేడా చాలావరకు కరిగిపోయింది. ఒకేసారి పలు మందులు ఇవ్వాలన్న పాఠం అక్కడే మొదలైంది. రేపు ఏ మొక్క నుంచి ఎంత శక్తిమంతమైన అణువు దొరికినా, అది టాబ్లెట్ల జట్టులో ఒకటిగా చేరుతుందే గానీ ఒంటరిగా టీబీని నయం చేయదు.

తిప్పతీగ: కాలేయానికి మేలా, కీడా

టీబీ టాబ్లెట్లలో ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయానికి ఇబ్బంది కలిగించగలవు. అందుకని మొక్కల పదార్థాలను కాలేయ రక్షణకు వాడవచ్చా అన్న పరిశోధనలూ జరిగాయి. 2008లో గుజరాత్ పరిశోధకులు టీబీ మందులతో పాటు పసుపు, తిప్పతీగ సారాలు ఇచ్చినవారిలో కాలేయ సమస్యలు బాగా తగ్గాయని ప్రచురించారు. ఎవరికి ఏది ఇస్తున్నారో అందరికీ తెలిసే చేసిన అధ్యయనం అది. ఆ పరిమితి ఉన్నా, కొట్టిపారేసేది కాదు.

2021లో ముంబయి వైద్యులు దీనికి పూర్తిగా ఎదురైన సంగతి రాశారు. కోవిడ్ కాలంలో రోగనిరోధక శక్తి కోసం తిప్పతీగ తాగిన కొందరికి కాలేయం దెబ్బతింది. వాళ్లు తాగింది అసలు తిప్పతీగ కాదని, దాన్ని పోలిన మరో జాతి కావచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. తర్వాత పలు ఆస్పత్రులు కలిసి చేసిన అధ్యయనం అసలు తిప్పతీగతోనే ఇలా జరగవచ్చని, ముఖ్యంగా రోగనిరోధక వ్యవస్థ సొంత కాలేయం మీదే దాడి చేసే ధోరణి ఉన్నవారిలో ఆ ప్రమాదం ఎక్కువని చెప్పింది.

రెండు ఫలితాలూ ఒకేసారి నిజం కావచ్చు. ఎక్కువ మందికి మేలు చేసే పదార్థమే కొందరిలో కీడు చేయగలదు. టీబీ మందుల వార్డులో దీనివల్ల ఒక ఆచరణాత్మకమైన చిక్కు వస్తుంది. రక్తపరీక్షలో కాలేయం దెబ్బతిన్నట్టు చూపే ఎంజైములు పెరిగాయంటే కారణం ఐసోనియజిడా, పైరజినమైడా, ఇంట్లో తాగుతున్న కషాయమా అన్నది వైద్యుడు తేల్చుకోవాలి. కషాయం సంగతి ఆయనకు తెలియకపోతే తప్పు మాత్రల మీదకే పోతుంది. అవసరమైన మందును ఆపాల్సి వస్తుంది, చికిత్స ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. రిఫాంపిసిన్ స్వయంగా మందులను విడగొట్టే కాలేయ ఎంజైములను రెచ్చగొట్టి చాలా ఇతర మందులను త్వరగా ఖర్చు చేసేస్తుంది, మరి పైపరిన్ లాంటివి అవే ఎంజైములను నెమ్మదింపజేస్తాయి. ఈ రెండూ ఒకే ఒంట్లో ఎదురుపడినప్పుడు ఏది ఎంత నెగ్గుతుందన్నది మోతాదును బట్టి, మనిషిని బట్టి మారుతుంది.